పాత పటములు చెప్పునది, చెప్పనిది

హైదరాబాదు నగరమున ఈ నడుమ ఒక క్రొత్త భక్తి ప్రబలియున్నది. ఈ భక్తికి దేవుడు పాత ఫోటో పటము. చార్మినారు ముందు ఏనుగు నడచుచున్న పటము, మూసీ యొడ్డున మేడల వరుస పటము, ప్రభువులు వేటకు వెడలిన పటము, ఇవి యొకరి చేతినుండి మరియొకరి చేతికి ప్రసాదమువలె పంచబడుచున్నవి. చూచినవారెల్లరు, "ఆహా! ఆ దినములే దినములు. వీథులెంత విశాలము! జనమెంత స్వల్పము! నది యెంత నిర్మలము!" అని నిట్టూర్చుచున్నారు. పెద్దలు తమ బాల్యమును నాలుగు మాటలలో చెప్పుదురు. పిన్నలు సగము విని తల యూపుదురు. పటము గోడ కెక్కును. అంతటితో చరిత్ర ముగిసినదని యందరును తృప్తి నొందుదురు.

మేము పాత పటములకు విరోధులము కాము. వానిని ప్రశ్నింపక పూజించుటకు మాత్రము విరోధులము. పటము సాక్షి. వృద్ధుల జ్ఞాపకమును సాక్షియే. సాక్షిని బోనులో నిలిపి హారతి యిచ్చు న్యాయాధిపతి ఎక్కడనైన నుండునా? నీవెక్కడ నిలిచి చూచితివి? నిన్ను పిలిపించిన వారెవరు? నీవు చూడనిదేమి? అని యడుగవలదా? అట్లడిగినయెడల ఈ పటములు మన వినోదమునకే కాక మన నడవడికిని పనికివచ్చును. అడుగనియెడల అవియే మనలను మోసగించును. ఇదియే మా వాదము.

మొదట వీథుల మాట చూతము. 1860, 1870 ప్రాంతముల తీయబడిన నగరముల పటములు పెక్కింటిలో అంగడి వీథియు నిర్మానుష్యముగా కన్పట్టును. అట్టి పటము నొకదానిని చూపి, పూర్వము నగరములలో సందడియే లేదని మా మిత్రుడొకడు మాతో గట్టిగా వాదించెను. ఆ కాలపు పనితీరు ఎరిగినవా డట్లనడు. గాజుపలకపై మందు పూసి, అది తడిగా నుండగనే పెట్టెలో నమర్చి, కొన్ని సెకండ్లపాటు మూత తీసి యుంచవలసి యుండెను. ఆ సెకండ్లలో కదలక నిలిచినది పటమున నిలిచెను. కదలినది పొగవలె చెదరిపోయెను. మేడ నిలిచెను. గద్దెపై దిండు నానుకొని కూర్చున్న షాహుకారు నిలిచెను. ఆయన బస్తాలు మోసిన హమాలీ చెదరిపోయెను. నీళ్లకావడివాడు, చంకను బిడ్డతో నడచిన కూలిది, చీపురుతో వీథి నూడ్చిన వాడు, అందరును చెదరిపోయిరి. 1880 తరువాత పొడిపలకలు వ్యాపించిన పిమ్మటగాని నడచు మనుష్యుడు సులభముగా పటమున చిక్కలేదు. ఇక హైదరాబాదు ఖాళీగా నుండెనన్న మాట యేమి? 1901వ సంవత్సరపు లెక్కలలో ఈ నగర జనసంఖ్య 4,48,466. నాటి హిందూదేశమున జనసంఖ్యచే నిది నాల్గవ నగరము. నగరము ఖాళీగా లేదు. పని చేయువాడు నిలువలేడు గనుక పటమునకు చిక్కలేదు, అంతే.

మన మీమాంసకులు అనుపలబ్ధి యను ప్రమాణమును చర్చించునపుడు ఒక నియమము పెట్టిరి. ఉన్నయెడల తప్పక కనబడదగిన వస్తువు కనబడనపుడే అది లేదని నిశ్చయింపవచ్చును. చీకటి గదిలో కుండ కనబడలేదు గనుక కుండ లేదని చెప్పరాదు. తర్కము చదువని పామరుడు కూడ నెరిగిన యీ చిన్న నియమమును, పాత పటము చేతికి రాగానే చదువుకొన్న మనము మరచిపోవుచున్నాము.

రెండవ ప్రశ్న, పటము తీయువానిని పిలిపించిన వారెవరు? ఈ నగరపు పాత పటములనగానే లాలా దీనదయాళు పేరు స్ఫురింపకపోదు. 1844లో మీరటు దగ్గరి సర్ధానాలో జనించిన ఈ కళావంతుడు ఆరవ నిజాము మహబూబు అలీఖాను ఆస్థానమున ఛాయాచిత్రకారుడై, ముసవ్విరు జంగు అను బిరుదు నొంది, 1905లో గతించెను. ఆయన హస్తలాఘవమును మేమును మెచ్చుకొందుము. కాని ఆస్థాన చిత్రకారుడు ఆస్థానము చూపుమన్న దానిని చూపును. అది యాయన దోషము కాదు. ఆయన చూపినదే నగరమంతయు నని నమ్ముట మన దోషము. 1892లో ఆయన హైదరాబాదున స్త్రీలకొరకు ప్రత్యేకముగా జనానా స్టూడియో నెలకొల్పి, దాని నొక ఆంగ్లవనిత చేతిలో పెట్టెను. ఘోషాలో మ్రగ్గిన స్త్రీకి తన ముఖమును తాను పటమున చూచుకొను భాగ్యము కలిగినది గదా యని మేము సంతోషింతుము. అయితే తెరలు దించిన బండిలో వచ్చిన దొరసానికి పటము దక్కెను. ఆ బండి వెంట నడచివచ్చిన దాసికి దక్కెనా? 1899-1900 సంవత్సరముల కరవులో, నాడు నిజాము రాజ్యమున చేరియున్న ఔరంగాబాదు ప్రాంతమున, ఆయనయే కరవు పనులను, ఆకలిచే కృశించిన దేహములను చిత్రించెను. బీదవాడు పటమున కెక్కవలెనన్న ఎముకలగూడు కావలసివచ్చెను! ప్రభువు పటము క్రింద బిరుదులతో కూడిన పేరుండును. కృశించినవాని పటము క్రింద ప్రాంతము పేరుండును గాని మనుష్యుని పేరు కానరాదు.

ఇట్లు పరులను విమర్శించుట సులభము. మా యింటి మాట కూడ చెప్పవలసియున్నది. మా ముత్తాతగారు సకుటుంబముగా తీయించుకొన్న పటమొకటి మా యింట నుండెను. తీసినది 1909 ప్రాంతమని మా పెద్దలు చెప్పుదురు. ముత్తాతగారు కుర్చీలో, ముత్తవ్వ ప్రక్కన నిలువబడి, పిల్లలు క్రింద చాపపై. ఒక యంచును చెదలు తినగా, క్రొత్త చట్రములో నిముడుటకై ఆ యంచును కత్తిరింపుమని పటములు కట్టువానితో మేమే చెప్పితిమి. అప్పుడు మాకు ముప్పది యేండ్లు. రెండు భాషల చదువును ముగించి పంతులమై, బాలురకు చరిత్ర బోధించుచున్న వారము! కొన్నేండ్లకు మా మేనత్త వచ్చి, పటమును చూచి, "ఇక్కడ అంచుకు నిలవడ్డ ఆమె ఏది బిడ్డా?" అని యడిగెను. ఎవరామె యని మేమడిగితిమి. "మూసీ వచ్చిన రాత్రి మీ తాతను భుజానేసుకొని గట్టుకెక్కించినామె. అప్పుడు మీ తాతకు రెండేండ్లు. ఆమె లేకుంటే నువ్వెక్కడ, నేనెక్కడ?" అనెను. ఆమె పేరేమి అత్తమ్మా యని యడిగితిమి. మేనత్త కొంతసేపు ఊరకుండి, "పేరు ఎవ్వరికి యాదున్నది? ఇంట్ల అందరు 'ఏమే' అనే పిలిచెటోళ్లంట" అనెను.

చదువరులారా! ఆ దినమున మాకు కలిగిన సిగ్గును దాచుట యెందుకు? మా వంశమును నిలిపిన మనిషి పేరును మా వంశము నిలుపుకొనలేదు. ఆమె ముఖమొక్కటి చెదలకు దక్కక మిగిలియుండగా, దానిని మేము చట్రపు కొలతకై కత్తిరించి చెత్తబుట్టలో వేయించితిమి. పాత పటములలో పనివారు కనబడకపోవుటకు గాజుపలక కొంత కారణము, దర్బారు కొంత కారణము, మన చేతిలోని కత్తెర కొంత కారణము.

జ్ఞాపకము సంగతి యిక విచారింతము. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచెను. మృతులు పదునైదు వేలవరకు నుందురని సాధారణముగా చెప్పుదురు. ఉర్దూ కవి అంజదు హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకొని తానొక్కడు బ్రతికెను. నేటి ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణములోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు క్రింద ఏటేట కొందరు పౌరులు చేరి ఆ దినమును స్మరించుచున్నారు. వరద తీసిన పిదప కూలిన వంతెనలను, మట్టిదిబ్బలైన పేటలను చూపు పటములును కలవు. అయినను మన యిండ్లలో నా వరదను గూర్చి యేమి చెప్పుకొందురు? నిజాము ప్రభువు నది యొడ్డునకు వచ్చి, మూసమ్మకు చీర సారె పసుపు కుంకుమ లర్పించి మ్రొక్కగా నది శాంతించెననియే పదిమందిలో తొమ్మండ్రు చెప్పుదురు. కథ మనోహరమే. హిందూ ముసల్మానుల పొత్తునకు గుర్తుగా దానిని చెప్పుకొన్నను మాకు ఆక్షేపణ లేదు. కాని వరద యేల వచ్చెనని యడిగినపుడు ఆ కథ సమాధానము కాదు.

సమాధానము మరియొకచోట నున్నది. వరద తరువాత 1909లో ఈ నగరమునకు పిలిపింపబడిన ఇంజనీరు మోక్షగుండము విశ్వేశ్వరయ్య, మూసీకి నీరు చేరు ప్రాంతమున 788 చెరువులుండగా అందు 221 చెరువులు తెగెనని తేల్చెను. ఒక చెరువు తెగి దిగువ చెరువుపై పడెను. ఆ రెండును కలిసి మూడవదానిపై పడెను. అట్లు కట్టలు తెంపుకొనివచ్చిన నీరు నగరముపై బడెను. ఆ లెక్కనుండియే ఉస్మానుసాగరు, హిమాయతుసాగరు పుట్టినవి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియయ్యెను. చీర సారె కథ నూరేండ్లు నిలిచినది, చెరువుల లెక్క నిలువలేదు. కథను నిలిపిన తరములే చెరువులను పూడ్చినవి! మాసాబుట్యాంకున పేరున్నది గాని చెరువు లేదు. 2020వ సంవత్సరము అక్టోబరు నెలలో కుండపోతగా వర్షము కురిసి పల్లెచెరువు, గుఱ్ఱముచెరువు కట్టలు తెగి, పాతబస్తీ ప్రాంతమున పేదల యిండ్లు కొట్టుకొనిపోయినపుడు, "ఇట్టిది కనివిని యెరుగము" అని పెద్దమనుష్యులు ఆశ్చర్యపడిరి. కన్నవారు పటములు తీసియుండిరి, విన్నవారు చెప్పియుండిరి. మనము నిట్టూర్చి గోడకు తగిలించితిమి.

ఇచ్చట మా ప్రతిపక్షులు రెండు మాటలు పలుకవచ్చును. మొదటిది, "ముసలివారి మాట ప్రమాణమెట్లగును? స్మృతి ప్రమ కాదని మీ తార్కికులే చెప్పిరి గదా!" అని. నిజమే. సంస్కారమాత్రమున పుట్టిన జ్ఞానమును వారు ప్రమలో చేర్చలేదు. కాని చూచినవాడు చూచినట్లు చెప్పిన మాటను శబ్దప్రమాణముగా వారే యంగీకరించిరి. ఆ చెప్పువాడు ఆప్తుడు కావలెనన్నది నియమము. అనగా పరీక్షింపుమనిరి గాని త్రోసివేయుమనలేదు. అంబరుపేటలోని బతుకమ్మకుంటను చూడుడు. చాలకాల మది చెత్తతోను పిచ్చిమొక్కలతోను నిండి చెరువన్న గుర్తే లేకుండ పడియుండెను. ఆ పేట యాడువారు ఆ నీటిలో బతుకమ్మలను విడిచిన జ్ఞాపకము పేరులోనే నిలిచియుండెను. 2025లో అచ్చట త్రవ్వగా నీరు ఉబికివచ్చినది. నేడది మరల కుంటయైనది. కాగితముల వాదము ఒకవైపున జరుగుచుండగా, ఆడువారి పండుగ యొక్క పేరు భూమిలోని నీటిని సత్యముగా చెప్పినది.

రెండవ మాట మరింత సున్నితమైనది. "పాత పటములు చూచుట కొంతసేపు ముచ్చటకు. అందును మీరు కులములను, కూలీలను, చావులను తెచ్చి మా ముచ్చట చెరుపనేల?" అని. అయ్యా, మీ ముచ్చట యే రంగున నున్నదో చూచుకొనుడు. మీ తాతగారు ఏనుగునెక్కిన పటము మీకు ముచ్చట. ఏనుగు ముందు పరుగెత్తిన వాని మనుమడు మా తరగతిలోనే కూర్చుండి యున్నాడు. ఆ పటమును గోడకు వ్రేలవేసి, 'ఇదియే మన నగర వైభవము' అని మేము పాఠము చెప్పునపుడు, 'మన' యను మాటలో ఆ బాలుడు చేరునా, చేరడా? చేరనియెడల మేము చెప్పినది చరిత్ర కాదు, మీ యింటి పెండ్లిపిలుపు. భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, 1910 మొదలు ఈ నగరములోనే, బడిగడప త్రొక్కనీయబడని కులముల బిడ్డలకు పాఠశాలలు పెట్టించెను. ఆ బడులలో పలక పట్టిన పిల్లల పటములు ఏ గోడలపై నున్నవి? అవియును నగర వైభవము కాదా? మా కన్నులకు ఏనుగుకంటె నా పలకయే గొప్పది.

కాలము మారిన గుర్తొకటి కోఠీలో నున్నది. 1800 తరువాతి కొలది సంవత్సరములలో బ్రిటిషు రెసిడెంటు కొరకు కట్టబడిన ఆ స్తంభముల మేడ, పాత పటములలో దొరల దర్పమునకు చిహ్నముగా కనబడును. 1949 నుండి అది స్త్రీల కళాశాల. 2022లో స్త్రీల విశ్వవిద్యాలయమైనది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టబడెను. భూమికై విసునూరు దేశముఖు నెదిరించిన ఆ చాకలి స్త్రీ పేరు ఇప్పుడా మేడకు గలదు. మేడ యదియే, మెట్లవియే. పాత పటమును, క్రొత్త పేరును ప్రక్కప్రక్కన నుంచి బాలికలకు చూపిన పంతులమ్మ, నూరు పుటల గ్రంథముకంటె ఎక్కువ చరిత్ర చెప్పినదగును. మేము కోరు వైభవ మిట్టిది.

"మీరన్నట్టి సామాన్యుల పటములు లేవుగదా, లేనివానిని ఎక్కడనుండి తెత్తుము?" అని యడుగువారికి ఒక పాత సంగతి జ్ఞాపకము చేయుదుము. తెలంగాణములో తెలుగు కవులే లేరని ఒకరు వ్రాసినపుడు సురవరము ప్రతాపరెడ్డిగారు కోపించి యూరకుండలేదు. పల్లెపల్లెనుండి పద్యములు తెప్పించి, 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. లేరనుకొన్నవారు మున్నూటయేబది నలుగురైరి! వెదుకకపోవుటచే లేమి కలిగెను గాని కవులు లేక కాదు. పటముల సంగతియు నిట్టిదే. పెండ్లి పటపు అంచున, బడి పటపు వెనుక వరుసలో, రేషను కార్డుపై, మిల్లు గుర్తింపు చీటిపై వేలకొలది ముఖములున్నవి. వానిని చరిత్రయని మనము పిలువలేదు గనుక అవి చరిత్ర కాలేదు. ఒక్క మనుష్యుడు పూని ఉత్తరములు వ్రాసిన నంతపని జరిగినపుడు, ఇంటింట చదువుకొన్నవారున్న నేటి నగరమున ఎంత జరుగరాదు?

కావున ప్రతి గృహస్థునకును, విశేషించి ప్రతి గృహిణికిని మా విన్నపము. ఇంటనున్న పాత పటములను దింపుడు. దేనిని కత్తిరింపకుడు, వెనుక జిగురు పూయకుడు. పటము వెనుక మెత్తని పెన్సిలుతో, కాగితము నొక్కుపడకుండ, ఊరు, వీథి, సంవత్సరము, ఉన్నవారి పేర్లు వ్రాయుడు. యజమాని పేరు వ్రాసిన చేతితోనే పనిమనిషి పేరును వ్రాయుడు. పేరు తెలియనిచో "పేరు అడిగి యుంచుకొనలేదు" అని వ్రాయుడు. ఆ వాక్యమును చదివి మీ బిడ్డలు సిగ్గుపడిన, అదియు నొక విద్యయే. ఇంటిలోని వృద్ధులను ఒకచోట కాక వేరువేరుగా అడుగుడు. వారు పలికిన పలుకుబడిలోనే వ్రాసికొనుడు, మన పుస్తకభాషలోనికి మార్చకుడు. ఇద్దరి మాటలు కలియనియెడల రెండును వ్రాయుడు. కలియనిచోటనే తరచుగా సత్యము దాగియుండును. చెరువెక్కడ నుండెను, బావి యెవరికి వదలబడెను, ఎవరికి వదలబడలేదు, వరదనీరు ఏ మెట్టువరకు వచ్చెను, ఏ మగ్గము ఎప్పుడు నిలిచిపోయెను, ఈ ప్రశ్నలు వేయుడు. ఒక ప్రతిని మీ పేటలోని గ్రంథాలయమున కిండు. 1901లో ఈ నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును స్థాపించినవారు మన వంటి గృహస్థులే. వారు పుస్తకములకొరకు చేసినదానిని మనము పటములకొరకు, మాటలకొరకు చేయలేమా?

మా యింటి పటము ఇప్పుడు గోడపై లేదు. బల్లపై నున్నది. దాని వెనుక ఇట్లు వ్రాసితిమి: "కుడివైపు అంచున నిలిచిన స్త్రీ 1908 వరదలో మా తాతగారి ప్రాణము కాపాడినది. ఆమె పేరును మా యింటివారు నిలుపుకొనలేదు. ఆమె రూపమును మేము కత్తిరించితిమి." మా మేనత్తకు ఇప్పుడు ఎనుబది దాటినవి. పోయిన నెలలో ఆమె, ఆ స్త్రీది దూలుపేట అని తన తండ్రి యనగా విన్నట్లు జ్ఞాపకము వచ్చినదని కబురు చేసినది. దానిని కూడ పెన్సిలుతో క్రింద చేర్చితిమి. వచ్చు ఆదివారము దూలుపేటకు పోయి అచ్చటి వృద్ధుల నడుగదలచియున్నాము. పేరు దొరకునో లేదో. దొరకకున్నను, అడుగకుండ పోయిన నూరేండ్లకంటె అడిగిన ఒక్క దినము మేలు.